ముప్పై రెండు కిలోల మొహమాటం

విమానంలో పెద్ద డబ్బా ఎక్కించాలనుకునేవాళ్ళు ముందుగా ఎయిర్‌లైన్స్‌కు ఫోన్ చేసి "టీవీ తీసుకెళ్ళొచ్చా?" అని అడుగుతారు. ఆ ఫోన్ రెండోది కావాలి. మొదట మనల్ని మనం అడగాల్సింది ఒకటుంది: ఈ టీవీ తెస్తానని ఎవరికి మాటిచ్చాం, ఎందుకిచ్చాం? గ్రైండర్లు, మిక్సీలు, టీవీలు దేశాలు దాటేది అవసరం వల్ల తక్కువ, మొహమాటం వల్ల ఎక్కువ. అవసరానికి కొలతలుంటాయి. మొహమాటానికి ఉండవు, అందుకే అది ఎప్పుడూ కౌంటర్ దగ్గర తూకం దాటుతుంది.

బొగ్గు గనుల ఊరు గోదావరిఖని చుట్టుపక్కల ఈ డబ్బాలు రెండు దారుల్లో నడుస్తాయి. ఒకటి పోయే దారి. బాయిపని, అంటే బొగ్గు గనిలో పని, చేసి రిటైరైన తండ్రి, తల్లి అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న కొడుకు దగ్గరికి పోతూ గ్రైండర్ కట్టుకుంటారు. రెండోది వచ్చే దారి. మంథని, ధర్మపురి, జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి దుబాయి, సౌదీ, కువైట్ పోయినవాళ్ళు సెలవు మీద వస్తూ టీవీ తెస్తారు. రెండు దారులూ శంషాబాద్ విమానాశ్రయంలో కలుస్తాయి. అక్కడి నుంచి ఖనికి దగ్గర దగ్గర రెండొందల యాభై కిలోమీటర్లు. బసంత్‌నగర్‌లో పాత రన్‌వే ఒకటి ఉంది గానీ మన డబ్బా దించే విమానం అక్కడికి రాదు. కాబట్టి ఆకాశంలో వేల కిలోమీటర్లు భద్రంగా వచ్చిన టీవీ కూడా చివరికి కారు నెత్తి మీద తాళ్ళతో కట్టుకుని రాజీవ్ రహదారి గుంతలు చూడాల్సిందే.

మూడు అంకెలు కంఠస్థం చేయండి: 23, 32, 158.

అమెరికా వైపు ఎకానమీ టికెట్లలో సాధారణంగా ఒక్కో పెట్టెకు 23 కిలోలు. గల్ఫ్ టికెట్లలో కొన్ని సంస్థలు పెట్టెల లెక్క చూస్తాయి, కొన్ని మొత్తం కిలోల లెక్క చూస్తాయి. ఏ లెక్కయినా, ఒక్క డబ్బా 32 కిలోలు దాటితే చాలా సంస్థలు చెక్-ఇన్ సామానుగా తీసుకోవు. డబ్బు కడతామన్నా తీసుకోవు. అదనపు బరువు డబ్బుకు లొంగుతుంది, 32 లొంగదు. ఎందుకంటే ఆ డబ్బాను బెల్టు మీద నుంచి బండి మీదికి, బండి మీద నుంచి విమానం కడుపులోకి ఎత్తేది ఒక మనిషి నడుము. తట్టలు మోసి, తవ్వి, నడుములు అరగదీసుకున్న ఊరు మనది. ఈ ఒక్క నియమం మీద మనం విసుక్కోకూడదు.

158 అంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కూడితే వచ్చే సెంటీమీటర్లు. చాలా సంస్థలకు అది హద్దు. దాటితే 'పెద్ద సామాను' అని విడిగా డబ్బు, లేదా నిరాకరణ. ఇక్కడే టీవీ కథ ముగుస్తుంది. 43 అంగుళాల టీవీ తెర ఒక్కటే సుమారు 95 సెంటీమీటర్ల వెడల్పు, 53 ఎత్తు. రెండూ కలిపితే 148. దానికి ఫ్రేము, థర్మాకోల్, అట్టపెట్టె మందం చేర్చండి. హద్దు దాటిపోయింది. 55 అంగుళాలదైతే తెర వెడల్పు, ఎత్తు కలిపితేనే 190. 32 అంగుళాలది మాత్రం డబ్బా పల్చగా ఉంటే హద్దులోపలే పట్టే వీలుంది. ఇంత చిన్న కూడిక ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. చేయకుండా జనం ఎయిర్‌పోర్టు దాకా పోతారు, ఎందుకంటే కూడిక చేస్తే 'కాదు' అని చెప్పాల్సి వస్తుందని లోపల తెలుసు.

మనలో చాలామందికి 'కాదు' అనడం నోటికి రాదు. దానికి ధైర్యం పెంచుకోండి, ఆత్మవిశ్వాసం తెచ్చుకోండి అని పుస్తకాలు చెబుతాయి. అంత దూరం పోనక్కర్లేదు. కొలత టేపు చాలు. మనిషి మనిషిని కాదంటే మనసు నొచ్చుకుంటుంది. అంకె కాదంటే ఎవరికీ కోపం రాదు.

ఒక సంభాషణ ఊహించుకోండి. అక్క మొగుడు దుబాయిలో ఉన్నాడు. దసరాకు వస్తున్నాడు.

"బావా, వచ్చేటప్పుడు యాభై అయిదు ఇంచుల టీవీ పట్టుకరా."

"చూద్దాం తీ."

ఫోన్ పెట్టేశాక దుబాయిలో బావ 'ఎటూ కుదరదు, తర్వాత చెప్తా' అనుకుంటాడు. ఇక్కడ బామ్మర్ది గోడకు మేకులు కొట్టిస్తాడు. నెల తర్వాత ఇద్దరి మధ్య టీవీ కంటే పెద్దది ఒకటి పగులుతుంది. ఇదే మాట మరోలా:

"బామ్మర్దీ, దాని తెరే 122 సెంటీమీటర్లుంది. డబ్బా విమానంల పట్టదు, పట్టినా కస్టమ్స్ కట్టాలె. ఖనిల లక్ష్మీనగర్ దుకాణాల్ల చూసి పెట్టు, నా వంతు నేనేస్తా."

"అయితే డబ్బులే పంపు బావా, నేను చూసుకుంట."

తొంభై శాతం సార్లు జవాబు ఇలాగే ఉంటుందని నా అంచనా. లెక్క కట్టి చెప్పడం లేదు, చుట్టాలను చూసి చెబుతున్నాను. అడిగినవాళ్ళకు కావాల్సింది బావ గుర్తుపెట్టుకున్నాడన్న తృప్తి. అది ఏ రూపంలో వచ్చినా పుచ్చుకుంటారు. ఆలస్యంగా వస్తే మాత్రం పుచ్చుకోరు. అందుకే 'కాదు' ఎంత తొందరగా చెబితే అంత చవక. అడిగిన రోజు చెబితే ఫోన్ ఖర్చు. టికెట్ కొన్నాక చెబితే ఒక అలక. కౌంటర్ దగ్గర తేలితే అదనపు రుసుము, అలక, పైగా డబ్బాను అక్కడే ఎవరికో అప్పగించి ఎక్కాల్సిన గతి.

గల్ఫ్ టీవీ అనే ఆశకు ఒక చరిత్ర ఉంది, దాన్ని తీసిపారేయలేం. మన దేశంలో దూరదర్శన్ రంగుల్లోకి వచ్చింది 1982లో. ఆ తర్వాత చాలా ఏళ్ళు విదేశీ టీవీ, టేప్‌రికార్డర్, వీసీఆర్ అంటే ఇక్కడ దొరకని వస్తువు, లేదా దొరికినా కొనలేని వస్తువు. గల్ఫ్ నుంచి వచ్చినవాడి చేతిలో డబ్బా చూస్తే ఊరు వాడి సంపాదనను లెక్కగట్టేది. ఆ రోజుల్లో డబ్బా మోయడం తెలివైన పనే. తర్వాత లెక్క మారింది. రూపాయి పడిపోతున్న 2013లో, ఆగస్టు 26 నుంచి, ప్రయాణికులు తెచ్చే ఫ్లాట్ టీవీలకు సుంకం మినహాయింపు తీసేశారు. అప్పటి సుంకం 36.05 శాతం. 40,000 రూపాయల టీవీకి 14,420 కట్టాలన్నమాట. 2016 బ్యాగేజీ నిబంధనల్లో సాధారణ ప్రయాణికుడికి 50,000 రూపాయల దాకా మినహాయింపు ఇచ్చినా, ఫ్లాట్ టీవీని ఆ మినహాయింపు బయటే ఉంచారు. పైగా మీరు తగ్గింపు ధరలో కొన్న బిల్లు చూపించినంత మాత్రాన అదే విలువ అవుతుందని లేదు, కస్టమ్స్ అధికారులు తమ లెక్కన విలువ కట్టొచ్చు. విదేశంలో ఎక్కువ కాలం ఉండి పూర్తిగా ఇంటికి తిరిగొచ్చేవాళ్ళకు నివాస మార్పు కింద రాయితీలు వేరుగా ఉంటాయి. ఈ రేట్లు, హద్దులు ప్రభుత్వం మారుస్తూ ఉంటుంది కాబట్టి బయల్దేరే వారంలో కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి, నాలుగేళ్ళ కింద వచ్చిన రూమ్మేట్ మాట మీద నమ్మకం పెట్టుకోకూడదు.

ఇప్పుడు ఇక్కడి బొగ్గు గనులు నడిపే సింగరేణిలో దసరా ముందు లాభాల వాటా పడుతుంది. 2024లో అది, విస్తరణకు పక్కన పెట్టింది పోగా మిగిలిన లాభాల్లో 33 శాతం. ఆ వారం ఖనిలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలకు వెళ్ళి చూడండి, దుబాయిలో దొరికే కంపెనీలే ఇక్కడా వరసగా ఉంటాయి, ఇంటికి తెచ్చి గోడకు బిగించి పోతారు, చెడితే వారంటీ కార్డు ఇక్కడే చెల్లుతుంది. అయినా విమానంలో తెచ్చిన టీవీయే కావాలనిపిస్తే కారణం బొమ్మ నాణ్యత కాదని ఒప్పుకోవాలి. నలుగురి ముందు డబ్బా దించడంలో ఒక ఆనందముంది. ఆ ఆనందానికి వేల రూపాయల సుంకం పెట్టొచ్చా లేదా అన్నది మీ ఇష్టం. తెలిసి పెడితే అది ఖర్చు. తెలియకుండా పెడితే నష్టం.

గ్రైండర్ సంగతి వేరు. దాని గురించి కాస్త నెమ్మదిగా మాట్లాడాలి.

ఎయిటింక్లయిన్ కాలనీ క్వార్టర్‌లో ముప్పై ఏళ్ళు వండి పెట్టిన అమ్మకు కొడుకు ఇంటికి పోవడమంటే తన వంటింట్లోంచి ఇంకొకరి వంటింట్లోకి పోవడం. అక్కడ ఏ గిన్నె ఎక్కడుంటుందో తెలియదు, పొయ్యి వెలిగించాలన్నా కోడలిని అడగాలి. గ్రైండర్ వెంట ఉంటే ఆ ఇంట్లో తనకంటూ ఒక పని, ఒక మూల ఉంటాయి. తండ్రిది ఇంకో రకం పట్టింపు. షిఫ్టు షిఫ్టుకు మస్టరు (హాజరు) పడితేనే జీతం తిన్న మనిషి, కొడుకు ఇంటికి ఖాళీ చేతులతో పోలేడు. "అన్నీ ఇక్కడ దొరుకుతయమ్మా, ఏం తేవద్దు" అని కొడుకు ఫోన్లో ఒక్క ముక్కలో తేల్చేస్తే అది వాళ్ళకు 'మీ అవసరం లేదు' అని వినిపిస్తుంది. వినిపించగానే గ్రైండర్ ఇంకా గట్టిగా కట్టుకుంటారు.

గ్రైండర్ మాత్రం అమెరికాలో తిరగదు. మన ఇంటి కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. అమెరికాది 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్. వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడపొచ్చు అని ఎవరో ఒకరు చెబుతారు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీనే పెంచుతుంది, హెర్ట్‌జ్‌ను మార్చదు. గ్రైండర్ లాంటి ఇండక్షన్ మోటారు 60 హెర్ట్‌జ్ మీద ఐదో వంతు వేగం ఎక్కువగా తిరుగుతుంది, పిండి వేడెక్కుతుంది. ఇక 750 వాట్ల మిక్సీకి సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ కొనాలంటే అది మిక్సీ కంటే బరువుండొచ్చు. ఇండక్షన్ పొయ్యి ఊసే ఎత్తొద్దు. ఈ తిప్పలు తెలిసే మన కంపెనీలు 110 వోల్టుల మిక్సీలు, గ్రైండర్లు తయారుచేసి అక్కడి ఇండియన్ స్టోర్లలో అమ్మిస్తున్నాయి. ఆస్ట్రేలియా, బ్రిటన్ అయితే 230 వోల్టులే, ప్లగ్గు మారిస్తే చాలు. యూఏఈ కూడా అంతే. సౌదీలో వోల్టేజీ మనలాంటిదే గానీ 60 హెర్ట్‌జ్. అంటే ఒకే గ్రైండర్ సిడ్నీలో అమ్మకు తోడు, డాలస్‌లో బండరాయి. పదో పన్నెండో కిలోలుండే వస్తువును 23 కిలోల పెట్టెలో పెట్టే ముందు దాని కింద అంటించిన రేకు మీద వోల్టులు, హెర్ట్‌జ్ చదవండి. అక్కడి నుంచి ఎవరైనా అమెరికా మిక్సీని ఖనికి తెస్తే కథ తలకిందులవుతుంది. 230 వోల్టుల సాకెట్లో పెట్టిన మరుక్షణం పొగ.

మరి కొడుకు ఏమనాలి? "వద్దు" అని ఆగకుండా ఇంకేది కావాలో చెప్పాలి. "అమ్మా, గ్రైండర్ నేను ఇక్కడ కొంటా, నువ్వొచ్చి చూసి చెప్పిందే కొంటా. నువ్వు సర్వపిండి చేసే గిన్నె పట్టుకరా, అసొంటిది ఇక్కడ దొర్కదు. మురుకుల గొట్టం గూడ." ఇలా అడిగితే అమ్మ పెట్టెలో పది కిలోలు ఖాళీ అవుతాయి, అమ్మ స్థానం మాత్రం ఖాళీ కాదు. ఒక్క జాగ్రత్త. ఆ గిన్నె అల్యూమినియంది, అడుగు గుండ్రంది అయితే ఇండక్షన్ పొయ్యి మీద పనిచేయదు. కొడుకు ఇంట్లో ఏ పొయ్యి ఉందో ముందే కనుక్కోవాలి. సాయం చేయాలనుకున్నప్పుడు ఎదుటివాళ్ళ ఇల్లు ఎలా ఉందో అడగడం ప్రేమ తక్కువై కాదు. అడగకుండా మోసుకెళ్ళిన వస్తువుకు అక్కడ అటక మీదే చోటు.

ఇంకో రకం డబ్బా ఉంది. దాని దగ్గర మాత్రం మెత్తదనం పనికిరాదు. మన ఊరివాడే, మనవాడే, ప్రయాణానికి ముందు రోజు రాత్రి గల్ఫ్‌లోని మన రూముకొచ్చి "అన్నా, ఇది మా ఇంటికి ఇయ్యి, కొత్త మిక్సీయే, సీల్ గూడ తియ్యలే" అంటాడు. మిక్సీ మోటార్లలో, ఇస్త్రీ పెట్టెల్లో, ఎమర్జెన్సీ లైట్లలో బంగారం దాచి తెస్తూ పట్టుబడిన కేసులు మన దేశపు విమానాశ్రయాల్లో మళ్ళీ మళ్ళీ బయటపడుతూనే ఉన్నాయి. స్కానర్‌లో నల్లగా గడ్డకట్టినట్టు కనిపించిన మోటారు విప్పితే లోపల పసుపు లోహం. పెట్టె మీద ట్యాగు ఎవరి పేరున ఉందో కేసు వాళ్ళ మీదే. 'నాకు తెలియదు సార్' అన్న మాట నిజమే అయినా దాన్ని నిరూపించుకునేసరికి సెలవు, డబ్బు, ఉద్యోగం మూడూ పోతాయి. పోయే దారిలో కూడా ఇంతే. మనం మాంసం కూరలో వేసుకునే గసగసాలు యూఏఈలో, సౌదీలో నిషేధం. పచ్చళ్ళ పెట్టెలో ఎవరో పంపిన మసాలా పొట్లంలో అవి ఉంటే అరెస్టు కావొచ్చు. డాక్టర్ చీటీ లేని కొన్ని మందులదీ అదే దారి.

భూగర్భ గనిలో దిగేముందు బీడీ, అగ్గిపెట్టె ఉన్నాయేమోనని జేబులు తడిమి చూస్తారు. రోజూ కలిసి దిగేవాడే, పక్కింటివాడే, అయినా తడుముతారు. ఎవరూ దాన్ని అవమానమనుకోరు. మనవాడి డబ్బా కూడా అంతే. "నా కళ్ళ ముందు విప్పి, నేను సర్దుకుంటేనే తీసుకుపోతా తమ్మీ" అనండి. నిజాయితీగా ఇచ్చేవాడు అక్కడే స్క్రూడ్రైవర్ తెస్తాడు. అలిగేవాడి డబ్బా అసలే వద్దు. ఇక్కడ ప్రత్యామ్నాయాలు, అంకెలు ఏవీ అక్కర్లేదు. ఒక్క మాట చాలు.

ఇవన్నీ దాటుకుని, అడిగి, కొలిచి, 'అవును, ఇది తీసుకెళ్ళాల్సిందే' అని తేలిన డబ్బాలు కొన్ని మిగులుతాయి. వాటిని సగం మనసుతో మోయకండి. సిడ్నీ పోయే గ్రైండర్ అయితే రాళ్ళు బయటకు తీసి ఒక్కోదాన్ని విడిగా పాత చీరలో చుట్టి, డ్రమ్ములో దుప్పట్లు కుక్కి, మోటారున్న భాగాన్ని నాలుగు వైపులా మెత్త పెట్టి సర్దండి. రాళ్ళు, మోటారు స్కానర్‌లో దట్టంగా కనిపిస్తాయి కాబట్టి పెట్టె విప్పి చూసే అవకాశం ఎక్కువ. విప్పినవాళ్ళు తిరిగి సర్దగలిగేలా సర్దాలి. బట్టలో మూట కట్టి తాడు బిగించే మన పాత పద్ధతి కుదరదు. దుబాయి విమానాశ్రయం 2017 మార్చి 8 నుంచి గుండ్రంగా ఉన్నవి, ఏ వైపూ చదునుగా లేనివి తీసుకోవడం మానేసింది, అలాంటి సామాను వల్ల బెల్టులు ఆగిపోతున్నాయని. అట్టపెట్టె బరువు, థర్మాకోల్ బరువు కూడా మీ లెక్కలోనివే. చేతికి వేలాడదీసే చిన్న తూకం ఒకటి కొంటే ఇంటి దగ్గరే తేలిపోతుంది.

బ్యాటరీలు చూసుకోండి. పవర్‌బ్యాంకు, విడి లిథియం బ్యాటరీ చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. బ్యాటరీ 100 వాట్-అవర్లు దాటితే ఎయిర్‌లైన్స్ అనుమతి అడగాలి. ఫ్రిజ్, ఏసీ లాంటివి పెట్టెలో పడతాయా లేదా అన్నది తర్వాతి మాట. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్-600ఏ మండే వాయువు. దాన్ని విమానం ప్రమాదకర సరుకుగా చూస్తుంది. వాటిని ఓడకో లారీకో వదిలేయండి.

టికెట్ రెండు ముక్కలుగా కొన్నారా? హైదరాబాద్ నుంచి ముంబై వేరే టికెట్, ముంబై నుంచి విదేశం వేరే టికెట్ అయితే మొదటి ముక్కకు దేశీయ విమానాల లెక్కే వర్తిస్తుంది. అది చాలా చోట్ల 15 కిలోలే. చవక టికెట్లో మిగిలిన డబ్బంతా ఆ ఒక్క కౌంటర్ దగ్గర తిరిగిపోతుంది.

కౌంటర్ దగ్గర డబ్బా అప్పగించే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీయండి. పగిలే వస్తువని చెప్పగానే ఒక ట్యాగు మీద సంతకం పెట్టమనొచ్చు. పగిలితే మాది బాధ్యత కాదన్న షరతు దాని మీద ఉండొచ్చు. క్యూలో వెనకవాళ్ళు చూస్తున్నారని చదవకుండా పెట్టేస్తాం. చదవండి, వెనకవాళ్ళు ఒక్క నిమిషం ఆగుతారు. దిగాక డబ్బా నొక్కుకుపోయి కనిపిస్తే హాలు దాటి బయటికి రాకముందే ఎయిర్‌లైన్స్ డెస్కు దగ్గర రిపోర్టు రాయించుకుని కాపీ తీసుకోవాలి. అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దెబ్బతిన్న సామాను గురించి అందుకున్న ఏడు రోజుల్లోపు, ఆలస్యంగా వచ్చినదాని గురించి 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పరిహారానికి ఒక గరిష్ఠ హద్దుంది, వస్తువు విలువ అంతకంటే ఎక్కువైతే అప్పగించేటప్పుడే ప్రత్యేకంగా ప్రకటించి, అడిగితే అదనపు రుసుము కట్టాలి.

ఏడు రోజులనేది చిన్న గడువు. బయట హాల్లో చుట్టాలు ఎదురుచూస్తున్నారని, కారు డ్రైవర్ ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడని రిపోర్టు రాయించకుండా వచ్చేస్తారు. ఇంటికొచ్చాక డబ్బా విప్పడం దసరా అయ్యాక, అలాయ్ బలాయ్‌లు అయ్యాక. అప్పటికి పదో రోజు. అందుకని వచ్చిన రోజే, బోనాలు చేసుకున్నా సద్దులు కట్టుకున్నా ముందుగా డబ్బా విప్పండి. పెట్టె ట్యాగు, బోర్డింగ్ పాసు పారేయకండి. విప్పేటప్పుడు పక్కన ఎవరినైనా ఫోన్‌తో వీడియో తీయమనండి. పిల్లలకు ఆ పని ఇస్తే చాలా శ్రద్ధగా చేస్తారు.